తని మొదలవగానే లేచేవాళ్లు

పాశ్చాత్య సంగీతంలో కన్చెర్టో అనే రూపం ఉంది. ముందు ఒక సోలోయిస్టు, వెనక పెద్ద ఆర్కెస్ట్రా. అందులో ‘కెడెన్జా’ అనే ఘట్టం రాగానే ఆర్కెస్ట్రా ఆగిపోతుంది, సోలోయిస్టు ఒక్కరే వాయిస్తారు. మన కచేరీలో దీనికి సరిగ్గా తలకిందులైన ఘట్టం ఉంది: తని ఆవర్తనం. ఇక్కడ ఆగిపోయేది ప్రధాన కళాకారులు. మృదంగం, ఘటం, కంజిర ఒకదానికొకటి బదులిచ్చుకుంటాయి. మధ్యలో కూర్చున్న మనిషి కాసేపు తన చోటు పక్కవాళ్లకి వదిలెయ్యాలని సంప్రదాయమే నిర్ణయించింది. ఇంత గొప్ప ఏర్పాటు ఉంటే, సరిగ్గా అప్పుడే హాల్లో సగంమంది కాఫీకి లేస్తారు.

ఇది మర్యాదకి సంబంధించిన చిన్న సంగతిలా కనిపిస్తుంది. నాకు మాత్రం న్యాయానికి సంబంధించిన ప్రశ్న అనిపిస్తుంది. రెండు గంటలపాటు పాటని మోసినవాళ్ల వంతు వచ్చేసరికి వెళ్లిపోవచ్చా?

టికెట్ కొన్నాం, మా ఇష్టం అనొచ్చు. రవీంద్రభారతి నుంచి రాత్రిపూట అబ్దుల్లాపూర్‌మెట్ చేరాల్సినవాణ్ణి, ఆ తొందర నాకూ తెలుసు. కానీ ఆ ట్రాఫిక్ రాగాలాపన మధ్యలో ఎందుకు గుర్తురాదు? మృదంగం లెక్కలు మాకు అర్థం కావు అనడం ఇంతకన్నా నిజాయితీ ఉన్న జవాబు.

నిజానికి ‘పక్క’ అన్నది వాద్యంలో ఉన్న గుణం కాదు, మనం వేసిన పీట. ఎక్కువగా గాత్రానికి నీడలా నడిచిన వయొలిన్‌తో ద్వారం వెంకటస్వామి నాయుడు 1938లో వేలూరులో సోలో కచేరీ చేశారు. యెల్లా వెంకటేశ్వరరావు తొమ్మిది మృదంగాలతో ‘నవమృదంగం’ వాయించి, మృదంగాన్ని వేదిక మధ్యకి తెచ్చారు. రెండూ పెద్ద విజయాలే. అయితే మధ్యకొస్తేనే వింటాం అని మనం అనుకుంటే, పక్కన ఉండి చేసే పనికి విలువ లేదని ఒప్పుకున్నట్టే కదా.

తని సాగుతున్నప్పుడు గాయకుడి చెయ్యి చూడండి. తొడమీద తాళం వేస్తూ ఉంటుంది. ఆ పది నిమిషాలూ ఆయనే పక్కవాద్యం. ఆయన చెయ్యి వదిలేసి ఫ్లాస్కు అందుకుంటే, మనకి లేవడానికి అనుమతి ఇచ్చినట్టే. తలాడిస్తూ తాళం పట్టి కూర్చుంటే, లెక్కలు తెలియనివాళ్లకి కూడా పట్టుకోవడానికి ఒక ఆధారం దొరుకుతుంది. మనమూ ఆ చేతితో పాటు వేసుకుంటూ పోవచ్చు. చివరికి ముక్తాయింపు వచ్చి సరిగ్గా పాట ఎత్తుగడ మీద వాలుతుంది, గాయకుడు అందుకుంటాడు. ఎంతసేపు ఎంత దూరం వెళ్లొచ్చారో తెలిసేది కూర్చున్నవాళ్లకే.