పల్లం ఎవరిది?

వాన వెలిసిన మర్నాడు పొద్దున్నే పక్కింటి పిన్నిగారు ప్రహరీ అవతల నుంచి, "అమ్మాయ్, మీ పెరట్లో నీళ్ళు పోయాయా?" అని అడిగారు.

"శుభ్రంగా పోయాయండీ, చుక్క లేదు" అన్నాను కాస్త గర్వంగానే.

"అదే, ఎక్కడికి పోయాయా అని" అన్నారావిడ. గొంతులో కోపం లేదు. ఉంటే నేనూ నాలుగు మాటలని ఊరుకునేదాన్ని. ఇదంతా రాసే పనే ఉండేది కాదు.

మొదట్నించీ చెప్పాలి. మా ఇల్లు గుంటూరులో ఓ పాత కాలనీలో ఉంది. నేల నల్లరేగడి. ఎండాకాలం అరచెయ్యి దూరేటంత నెర్రెలు, వానాకాలం ఒట్టి ముద్ద. వీధిలో సిమెంటు రోడ్డు మీద మళ్ళీ సిమెంటు రోడ్డు వేసుకుంటూ పోయారు. రోడ్డు ఎత్తయింది, మా పెరడు పల్లమయింది. నాలుగు చినుకులు పడితే చాలు, అంట్లు తోముకునే గట్టు నుంచి కరివేపాకు చెట్టు దాకా చీలమండ మునిగే నీళ్ళు. ఆ తరవాత దోమలు.

తాపీ మేస్త్రీని పిలిపించాం. ఆయన పెరడంతా రెండుసార్లు తిరిగి, సన్నటి గొట్టంలో నీళ్ళు నింపి అటూ ఇటూ పట్టి మట్టం చూసుకుని, "నీళ్ళెక్కడికి పంపుదామనుకుంటున్నారమ్మా?" అని అడిగాడు. మేం దానికి జవాబు చెప్పకుండా, "ఎంతవుతుంది?" అనడిగాం. "పద్దెనిమిది వేలు" అన్నాడు, పైపులతో, కూలీలతో సహా. మావారు ఆ అంకె విని పేపరు పట్టుకుని లోపలికెళ్ళిపోయారు.

సాయంత్రం మా అబ్బాయి ఫోనులో వీడియో చూపించాడు. గాడి తవ్వి, చిల్లుల పైపు వేసి, చుట్టూ కంకర పోస్తే సరిపోతుందిట. దాన్ని ఫ్రెంచి డ్రెయిన్ అంటారు. ఫ్రాన్సు వాళ్ళదేమో అనుకున్నాను. కాదట, అమెరికాలో హెన్రీ ఫ్రెంచి అనే ఆయన పొలాల మురుగు పారుదల మీద 1859లో ఓ పుస్తకం రాశాడు, పేరు ఆయనది. "మన పని మనం చేసుకోవడంలో తృప్తే వేరు" అన్నారు మావారు.

ఇక్కడ ఒక్క మాట. ముప్ఫై ఏళ్ళుగా ఆ ఇంట్లో వంటా, ఉతుకూ, ఊడ్పూ నేను సొంతంగానే చేసుకొస్తున్నాను. దాన్ని స్వయంకృషి అని ఇంతవరకూ ఎవరూ అనలేదు. మగవాళ్ళు రెండు ఆదివారాలు పార పట్టుకునేసరికి అది ఆదర్శమైపోయింది. పోనివ్వండి.

నిజానికి బాగానే కష్టపడ్డారు. మావారి అరచేతులు బొబ్బలెక్కాయి. పైపుకి నూరడుగులకి అడుగు వాటం ఉండాలంటారు. అంటే పదడుగులకి అంగుళం పైచిలుకు. వీళ్ళు కంటితోనే చూసి పెట్టారు. చివర ఒక ఇంకుడు గుంట. ఈశాన్యం పల్లంగా ఉండాలన్నది వాస్తు కనక, గుంట ఆ మూల పిన్నిగారి గోడ వారగా తవ్వారు. రేగడి మట్టి తడిస్తే ఉబ్బి బిగుసుకుపోతుందనీ, తరవాత నీళ్ళు తొందరగా తాగదనీ ఆ వీడియోలో లేదు. మా డాబా వెయ్యి చదరపు అడుగులు. దాని మీద రెండంగుళాల వాన పడితే దాదాపు 4,700 లీటర్లు. నేను బిందెలు మోసి పెరిగినదాన్ని, నా లెక్కలో మూడు వందల బిందెలు. అన్నీ ఆ ఒక్క గుంటలోకి!

గోడ చుట్టి వెళ్ళి చూశాను. తులసికోట చుట్టూ నీళ్ళు. ఆవిడ పడుకునే గదిలో గోడ మోకాలెత్తు చెమ్మ. బియ్యం బస్తా మంచం మీదికెక్కింది. ఒంటరి మనిషి, డెబ్భై ఏళ్ళ మనిషి, అర్ధరాత్రి ఆ బస్తా ఎలా ఎత్తారో. "పిలవకపోయారా?" అన్నాను. "నిద్దర్లో ఉంటారు, ఎందుకులే అని" అన్నారు.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మేస్త్రీ చేసి ఉండి ఇలాగే అయితే నేనేమనేదాన్ని? "ఆ మేస్త్రీ తగలేశాడండీ" అని హాయిగా పడుకునేదాన్ని. అంటే ఆ పద్దెనిమిది వేలలో పైపుతోపాటు నిందపడే మనిషినీ కొనుక్కుందామనుకున్నానన్నమాట. అది దక్కలేదనేనా నా బాధ?

మా మరిది వకీలు. ఆయనతో అంటే ఇంగ్లండులో జరిగిన కేసు చెప్పాడు. లాంకషైర్లో ఓ మిల్లు యజమాని చెరువు కట్టించాడు. తాను ముట్టుకోలేదు, ఇంజనీర్నీ కంట్రాక్టర్లనీ పెట్టాడు. తవ్వుతుంటే కింద పాత గని గోతులు బయటపడితే వాళ్ళు సరిగ్గా పూడ్చలేదు. 1860 డిసెంబర్లో నీళ్ళు నింపగానే పక్కవాడి బొగ్గుగని మునిగింది. యజమానికి ఆ గోతుల సంగతే తెలియదు. అయినా 1868లో అక్కడి పెద్ద కోర్టు అతనే ఇచ్చుకోవాలంది. నీళ్ళు తెచ్చిపెట్టుకున్నవాడిదే పూచీ.

"అయితే మేస్త్రీని పెట్టుకున్నా మాదేనా తప్పు?" అన్నాను. "వదినా, మీరు చేసినా, చేయించినా, నీళ్ళు మీవి" అన్నాడు.

ఈ న్యాయం నాకు పూర్తిగా మింగుడుపడలేదు. తెలియనివాళ్ళు తెలిసినవాణ్ణి పెట్టుకోవడం కూడా బాధ్యతే కదా? కాని పెట్టుకుంటే ఏం చేసేవాళ్ళం? పద్దెనిమిదిని పద్నాలుగుకి బేరమాడేవాళ్ళం. ఆయన ఆ నాలుగు వేలూ గాడి లోతులో మిగుల్చుకునేవాడు. అప్పుడా మేస్త్రీ చేతుల్లో కొంత మా చెయ్యీ ఉన్నట్టే. మీరే చెప్పండి, బేరమాడినప్పుడు ఇది మనకెవరికైనా గుర్తొస్తుందా?

మేస్త్రీని మళ్ళీ పిలిచాం. దెప్పుతాడేమోనని మావారు బయటికి రాలేదు. ఆయన గుంటలోకి తొంగి చూసి, "ఇది పూడ్చేయాలమ్మా. వీధి కాలవ అడుగు మీ పెరటికన్నా కిందే ఉంది. పడమటి వైపు నుంచి పైపు తీస్తే అందుతుంది" అన్నాడు. పడమరా అని లోపల్నించి ఓ గొంతు వినిపించింది గాని, బియ్యం బస్తా గుర్తొచ్చింది కాబోలు, ఆగిపోయింది. ఈసారి ఇరవైరెండు వేలు, వేసింది తవ్వాలి కనక. ఎవరం బేరమాడలేదు.

"పక్కవాళ్ళ మట్టం కూడా చూడు" అన్నాను. ఆయన గొట్టాన్ని గోడ మీంచి అటు వేశాడు. ఇటు కొస నేను పట్టుకున్నాను, అటు కొస పిన్నిగారు పట్టుకున్నారు. "కదలకండమ్మా" అంటూ మేస్త్రీ రెండు వైపులా నేల నుంచి నీళ్ళగీత దాకా టేపు పెట్టి కొలిచాడు. అటువైపు నాలుగంగుళాలు ఎక్కువొచ్చింది. ఆవిడ ఇల్లు మా కన్నా అంత పల్లంలో ఉందని ఇన్నేళ్ళలో నాకు తెలియలేదు.

"నాకు తెలుసులే అమ్మాయ్" అన్నారు పిన్నిగారు, గొట్టం కొస అలాగే పట్టుకుని. "ఇంక దింపెయ్యచ్చా?"