విద్యాదానమున దాత యెవరు?

దానమునకు మన ధర్మశాస్త్రకారులు చెప్పిన నిర్వచనమున రెండు అంగములున్నవి: ఇచ్చువాడు వస్తువుపై తనకుగల స్వత్వమును విడిచిపెట్టుట యొకటి, పుచ్చుకొనువానికి ఆ స్వత్వము సంక్రమింపజేయుట రెండవది. ఈ రెండింటిలో ఏది లోపించినను ఆ క్రియ దానము కానేరదు; అది అప్పు కావచ్చును, ఎరువు కావచ్చును, వర్తకుడు వెలలేక పంచిపెట్టు మచ్చుసరుకు కావచ్చును. యాగమునకును హోమమునకును దానమునకును గల భేదమును నిర్ణయించుటకై మీమాంసకులు చేసిన యీ సూక్ష్మవిచారము, నేటి పాఠశాలలో నల్లబల్ల ప్రక్కన వెలుగు తెరకు అక్కరకు వచ్చునని వారు కలలోనైన తలచియుండరు. అయినను ఉపాధ్యాయులకు పైసా ఖర్చు లేకుండ లభించుచున్న డిజిటల్ సాధనములు మంచివా, చెడ్డవా యని వాదులాడుకొనుటకంటె, అవి దానములా, దానములే యైనచో దాత యెవరు, దేయమేది యని విచారించుట మేలని నాకు తోచుచున్నది.

మొదట ఆ సాధనములు చేయు మేలును నిండుమనస్సుతో ఒప్పుకొనవలెను. అర్ధవృత్తములోని కోణము లంబకోణమను సిద్ధాంతమును చెప్పవలసిన యొక ఉపాధ్యాయురాలు జియోజీబ్రాలో వృత్తమును గీసి, వ్యాసమును గీసి, పరిధిపై నొక బిందువు నుంచి, దానిని జరుపుమని వెనుక బెంచీ పిల్లవానిని పిలిచినదనుకొందము. వాడు బిందువును త్రిప్పుకొలదిని త్రిభుజము సన్నబడును, లావగును, ఒక ప్రక్కకు ఒరిగిపోవును. కోణము దగ్గరనున్న అంకె మాత్రము 90 వద్దనే నిలిచియుండును. దానిని ఎట్లయినను చెడగొట్టవలెనని వాడు బిందువును వ్యాసపు కొన దాక ఈడ్చుకొనిపోవును, తరగతి యంతయు నవ్వును, అంకె కదలదు. ఇది నిరూపణము కాదు. కాని నిరూపణము కావలెనను ఆకలి పిల్లవానిలో పుట్టినది, అంతకుమించిన ప్రవేశిక గణితమునకు లేదు. అట్లే నలుగురు పిల్లలు నాలుగు కంప్యూటర్లముందు కూర్చుండి ఒకే పత్రముపై తమ ఊరి సంతను గూర్చి వ్రాయుచున్నప్పుడు, ఒకతె ‘సంత మంగళవారం జరుగుతుంది’ అని వ్రాయగా, వేరొకని గీత మినుకుమినుకుమనుచు అక్కడికి నడచివచ్చి ‘మంగళ’ను ‘బుధ’గా దిద్ది, అంచున ‘మా నాన్న అక్కడ కొట్టు పెడతాడు, నాకు తెలుసు’ అని చేర్చును. విద్యలో నాలుగవవంతు గురువువలన, నాలుగవవంతు స్వబుద్ధివలన, నాలుగవవంతు తోడి విద్యార్థులవలన, మిగిలినది కాలముచేత వచ్చునని పెద్దలు వేసిన పాళ్ళలో, పరీక్షల హడావిడిలో మనము చిరకాలముగ ఎగవేయుచు వచ్చిన మూడవ పాలు ఇట్లు తీరుచున్నది.

తోడిపిల్లలవలన నేర్చుకొనుట మనకు క్రొత్తది కాదు. స్కాట్లండు దేశీయుడగు ఆండ్రూ బెల్ 1787లో చెన్నపట్టణమునకు వచ్చి, 1789లో ఎగ్మూరులోని అనాథబాలుర ఆశ్రమమునకు అధ్యక్షుడై, ఒక వీధిబడిలో పిల్లలు ఇసుకపై వ్రేలితో అక్షరములు దిద్దుట చూచి, ఆ ఇసుకను తన తరగతిలోనికి తెచ్చుకొనెను. పెద్దపిల్లలచేత చిన్నపిల్లలకు చెప్పించు క్రమమును స్థిరపరచి 1797లో లండనున గ్రంథముగ ప్రకటించెను. మద్రాసు పద్ధతి యను పేరున అది ఇంగ్లండులో వేలకొలది పేదపిల్లల బడులకు ప్రాకినది. బెల్ దొర వెస్ట్‌మినిస్టర్ ఆబీలో సమాధి యందుకొనెను. ఆ వీధిబడి పంతులెవరో, ఆయన పేరేమో చరిత్ర అడుగనే లేదు. అందువలన ఆ పంతులు నష్టపడినాడని నేననను. ఇసుక ఎవరి సొత్తును కాదు, ఇచ్చిన చేయి కనబడలేదు, పుచ్చుకొన్నవాడు ఎవరికిని లెక్క చెప్పనక్కరలేకపోయినది.

నేటి సాధనములలో హెచ్చు భాగము ఇట్టివి కావు. ఉపాధ్యాయులు తరగతి పుటలు నిర్మించుకొనుటకు వికీస్పేసెస్ అను సంస్థ చోటు వెలలేక ఇచ్చుచుండగా, లోకమంతట ఎందరో ఉపాధ్యాయులు తమ పాఠములను, పిల్లల వ్రాతలను అందులో పేర్చుకొనిరి. 2018లో అది మూతపడినది. గూగుల్ వారి జామ్‌బోర్డు అను తెల్లబల్లపై పిల్లలు రంగురంగుల చీటీలు అంటించి చర్చలు చేసిరి. అది 2024 డిసెంబరు 31తో ముగిసినది. అదే సంస్థ విద్యాలయములకు అపరిమితమని యిచ్చిన నిల్వకు 2021లో హద్దు ప్రకటించి, ఒక్కొక్క సంస్థకు మొత్తముమీద 100 టెరాబైట్లు ఉచితమని తేల్చినది. వీనిలో మోసమున్నదని నేననుట లేదు. ముందుగ తెలిపియే చేసిరి, వ్రాతలు దింపుకొనుటకు గడువు నిచ్చిరి. ధర్మశాస్త్రమున ‘యాచితకము’ అని యొక మాట కలదు. పెండ్లికో పేరంటమునకో పొరుగింటినుండి అడిగి తెచ్చుకొన్న నగ యాచితకము. యజమాని యడిగిననాడు దానిని తిరిగి యీయవలసినదే, అడిగినందుకు యజమానిని నిందింపరాదు. ఆ నగను మన పెట్టెలో పెట్టుకొని కోడలికి పెట్టిన నగల పట్టికలో వ్రాసికొనుటయే తెలివితక్కువ. ప్రభుత్వ శిక్షణశిబిరములలో సైతము ఈ యెరువు సొమ్మును సొంతసొమ్మువలె ప్రశంసించుచు, ధ్రువపత్రము లిచ్చుచు, ఈ వస్తువు ఎవరిది యను ఒక్క ప్రశ్నకు మాత్రము కాలము చాలలేదనుట నాకు వింతగ నుండును.

దానమునకును యాచితకమునకును భిన్నమైన మూడవది ఉత్సర్గము. చెరువు త్రవ్వించినవాడు, తోట వేయించినవాడు దానిని ఫలానివానికని యీయడు, సమస్తప్రాణులకొఱకు విడిచిపెట్టును. విడిచిపెట్టిన పిమ్మట అందరితోపాటు తానును ఆ నీరు త్రాగవచ్చును, త్రాగినచో దత్తాపహారదోషము లేదు. ఏలయన త్రాగుచున్నది యజమానిగ కాదు, ఊరివారిలో ఒకడుగ. కడప మండలమున పోరుమామిళ్ళ చెరువునుగూర్చి 1369 నాటి శాసనమొకటి కలదు. బుక్కరాయల కుమారుడు భాస్కరుడు దినమునకు వేయిమంది కూలీలను, రాతికి నూరు బండ్లను పెట్టి రెండేండ్లలో దానిని కట్టించిన వైనమును చెప్పుటతో ఆ శాసనము తృప్తిపడదు. మంచి చెరువునకు 12 అంగములను, కలుగదగు 6 దోషములను లెక్కపెట్టును. జలశాస్త్ర మెరిగినవాడుండుట అంగములలో నొకటి; చెరువు రెండు రాజ్యముల యెల్లపై నుండుట దోషములలో నొకటి.

సాఫ్ట్‌వేరు రంగమున రిచర్డ్ స్టాల్‌మన్ 1983లో గ్నూ అను పేర ప్రకటించిన సంకల్పమును, తరువాత ఏర్పడిన జీపీఎల్ అను అనుమతిపత్రమును ఈ ఉత్సర్గధర్మముతో పోల్చి చూడవచ్చునుగాని, అందొక మెలిక యున్నది. జీపీఎల్ క్రింద తన రచనను విడుదలచేయువాడు స్వత్వమును విడిచిపెట్టడు, అట్టేపెట్టుకొనును. అట్టేపెట్టుకొని, ఎవరైనను వాడుకొనవచ్చును, లోపలి వ్రాత చదువవచ్చును, మార్చి పంచవచ్చును, అయితే మార్చి పంచువాడు ఇతరులకును ఇదే అధికారము నీయవలెనని షరతు పెట్టును. అనగా, గట్టుమీద ఎవడును కంచె వేయకుండుటకొఱకే యజమాని తన పట్టాను చేతిలో నుంచుకొనుచున్నాడు. నిర్వచనము ననుసరించి ఇది దానము కాదు, ఉత్సర్గమును కాదు. కాని రెండింటి ఫలమును ఇచ్చుచున్నది. స్వత్వత్యాగము లేక త్యాగఫలము సిద్ధించునా యని మీమాంసకుని అడిగిన, ఆయన ఒక పూట ఆలోచించుననుకొందును. ఆస్ట్రేలియాలోని పెర్త్ నగరమున మార్టిన్ డూగియమాస్ 2002లో విడుదలచేసిన మూడ్ల్ ఈ జాతిది. విశ్వవిద్యాలయములు దానిని తమ కంప్యూటర్లలోనే నిలుపుకొని పాఠములు, చర్చలు, పరీక్షలు నడుపుచున్నవి. పెర్త్‌లో రేపు ఏమి జరిగినను వీరి ప్రతి వీరి దగ్గర నుండును.

జియోజీబ్రా మాత్రము ఎల్లమీది చెరువు. మార్కుస్ హోహెన్‌వార్టర్ సాల్ట్స్‌బర్గ్ విశ్వవిద్యాలయమున 2001లో ఆరంభించిన ఈ సాధనము ఎన్నో భాషలలోనికి అనువాదమై, ప్రపంచమంతటి గణితోపాధ్యాయుల చేతికి వచ్చినది. వ్యాపారేతరులకు ఉచితము, వ్యాపారులకు వేరు ఒడంబడిక. 2021లో మన బెంగుళూరులోని బైజూస్ అను సంస్థ దానిని కొనెను. 2024లో ఆ కొన్న సంస్థయే దివాలా విచారణలో చిక్కుకొనెను. తరగతిలో బిందువును జరుపుచున్న పిల్లవానికి ఇందువలన ఏ యాటంకమును కలుగలేదు, అది సంతోషమే. కాని ఆ త్రిభుజముమీది అధికారము బెంగుళూరునకు వచ్చి అక్కడినుండి న్యాయాధికరణము మెట్లదాక ప్రయాణము చేసినదని వాని ఉపాధ్యాయురాలికి తెలియదు.

ఇంతవరకు మనము పుచ్చుకొనుచున్నదానిని గూర్చియే మాటలాడితిమి. ఇచ్చుచున్న దేమి? ఇక్కడనే విషయము బరువెక్కుచున్నది. నారదస్మృతిలో అదేయములని, అనగా తన చేతిలో నున్నను ఈయరానివని, కొన్ని చెప్పబడినవి: ఎరువు తెచ్చినది, కుదువకు వచ్చినది, పలువురకు ఉమ్మడియైనది, ఆలుబిడ్డలు, ఒకరు నమ్మి దాచిపెట్టిన నిక్షేపము. ఉచితసాధనమునకు పేరు నమోదు చేయునప్పుడు తెరపై ‘అంగీకరించుచున్నాను’ అను గడి కనబడును. ఉపాధ్యాయుడు దానిని నొక్కును. నలుబదిమంది పిల్లల పేర్లు, పుట్టినతేదీలు, వ్రాతలు, ఏ లెక్క దగ్గర ఎంతసేపు ఆగినారను వివరము ఆ నొక్కుతో వేరొకరి గిడ్డంగిలోనికి పోవును. ఇవి ఆయన సొత్తా? తండ్రి పిల్లను బడికి పంపునప్పుడు పిల్లను గూర్చిన సమస్తమును ఉపాధ్యాయునకు ధారపోయుట లేదు, అప్పగించుచున్నాడు. అప్పగింతకు శాస్త్రమునందలి పేరు నిక్షేపము. నిక్షేపమును కాపాడువాడు ఎంత ఉదారబుద్ధితో నైనను, ఎంత గొప్ప సాధనమునకు బదులుగ నైనను దానిని పరులకీయజాలడు; ఇచ్చిన ఆ దానము చెల్లదు, పుచ్చుకొన్నవానికిని దోషము కలదు. మన పార్లమెంటు 2023లో చేసిన డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టము 18 ఏండ్లు నిండనివారి సమాచారమునకు తల్లిదండ్రుల సమ్మతి కావలెననియు, పిల్లల నడతను వెంబడించి గమనింపరాదనియు, వారిపై గురిపెట్టి ప్రకటనలు వేయరాదనియు చెప్పినది. మినహాయింపులకును చోటు విడిచినది. చట్టము మినహాయించినంత మాత్రమున నిక్షేపము సొంతమగునా? కాదని నా యభిప్రాయము. సమ్మతిపత్రముపై తండ్రి వ్రేలిముద్ర వేసినను, ఆయనకు ఆ పత్రమును చదివి చెప్పువారు లేనిచోట అది సమ్మతి కాదు.

ఇసుకకు మరియొక గుణముండెను: అది మరచిపోవును. తప్పు దిద్దిన ‘క’ను అరచేతితో తుడిచినంతనే తప్పును, దెబ్బతిన్న అభిమానమును ఒక్కసారిగ మాసిపోయెడివి. పంచుకొను పత్రములో సంత దినమును తప్పు వ్రాసిన పిల్ల పేరు, దిద్దినవాని పేరు, గంట, నిమిషము చరిత్రపుటలో నిలిచియుండును. ఈ లోపము వ్యాపారసంస్థలదే కాదు. 2003లో మొదలైన తెలుగు వికీపీడియాలో విద్యార్థులు తమ గ్రామము పుట సవరించినను ప్రతి మార్పును బహిరంగముగ నిలిచియే యుండును. అక్కడ ఆ జ్ఞాపకమునకు ప్రయోజనము కలదు, ఎవడేమి చెప్పెనో తేల్చుకొనుటకు అది యాధారము. కాని పదకొండేండ్ల పిల్ల చేసిన తప్పునకు అట్టి యాధారము ఎవరికి కావలెను? బాల్యమునకు విస్మృతి యొక హక్కని స్మృతికారులెవరును వ్రాసినట్లు కానరాదు. ఇసుక ఉన్నంతకాలము వ్రాయవలసిన యవసరము వారికి కలుగలేదు.

ఇంత చెప్పిన తరువాత ఒక ఆక్షేపణ తప్పక వచ్చును, రావలెను కూడ. కంప్యూటరు గది తాళము తీయని పాఠశాలలో, తన సొంత ఫోనుతో, తన సొంత రీచార్జితో పాఠము చెప్పు ఉపాధ్యాయుని ముందు స్వత్వవిచారము చేయుట కడుపు నిండినవాని వేదాంతము కాదా? 2020లో బడులన్నియు మూతపడినప్పుడు, ఊరి చివర టవరు సంకేతమందు మిట్టమీద కూర్చుండి, వాట్సాప్ సమూహములో లెక్కలు పంపిన ఉపాధ్యాయునికి మూడ్ల్ నిలుపుకొనుమని చెప్పుట కుళ్ళు హాస్యమగును. అది ఆపత్తు, ఆపత్తునకు ధర్మము వేరు.

ఆపద్ధర్మమునకు హద్దు ఎక్కడనో ఛాందోగ్యోపనిషత్తు చెప్పినంత స్పష్టముగ మరియెక్కడను నేను చూడలేదు. కురుదేశమున పంటలు పాడైనప్పుడు ఉషస్తి చాక్రాయణుడు ఆకలికి తాళలేక, గుగ్గిళ్ళు తినుచున్న యొక ధనికుని యాచించును. తాను తినుచున్న యెంగిలి తప్ప వేరు లేదని అతడనగా, అదియే పెట్టుమని పుచ్చుకొని తినును. పిమ్మట అతడు తాను త్రాగి మిగిల్చిన నీరు ఇవ్వబోగా ఉషస్తి వలదనును. గుగ్గిళ్ళు ఎంగిలి కాలేదా యని అతడు ప్రశ్నింపగా, అవి తిననిచో ప్రాణము నిలువదు, నీరు నాకు కోరినచోట దొరకును అను అర్థమున ఉషస్తి బదులు చెప్పును. ఆపద యొక గుటకకు అనుమతి నిచ్చినంత మాత్రమున తరువాతి గుటకకు ఇచ్చినట్లు కాదు; ఒక్కొక్కదానికి వేరు వేరుగ లెక్క తేల్చుకొనవలెను.

ఉపాధ్యాయుడు ఈ లెక్కను నమోదు పత్రముముందు కూర్చున్నప్పుడే తేల్చుకొనగలడు. పాఠము పిల్లవానికి చేరుట గుగ్గిళ్ళు. ఆ పత్రమడుగు పుట్టినతేదీ, ఛాయాచిత్రము, తండ్రి ఫోను నంబరు నీరు. అవి లేకున్నను పాఠము చేరును. పిల్లల అసలు పేర్లకు మారుగ ‘9బి-14’ అని క్రమసంఖ్యలు పెట్టి, ఆ సంఖ్య ఎవరిదో తెలుపు పట్టికను తన బీరువాలోని కాగితముపై నుంచుకొని, ఏడాది చివర పిల్లల వ్రాతలను దింపి పెన్‌డ్రైవులో వారికిచ్చి, తరగతి ఖాతాను తుడిచివేయుటకు ఒక మధ్యాహ్నముకంటె ఎక్కువ పట్టదు. శిక్షణశిబిరములలో ఆ మధ్యాహ్నమునకు ఇంకను చోటు దొరకలేదు.