తీర్చలేని బదులు

మన ఊళ్లలో సాయానికి ఒక లెక్క ఉంది. నాట్ల రోజున పక్కింటివాళ్లు మన మడిలోకి దిగితే, వాళ్ల నాట్ల రోజున మనం వాళ్ల మడిలోకి దిగుతాం. ఒకరు ఇల్లు కప్పుకుంటుంటే నలుగురూ వచ్చి చెయ్యి వేస్తారు. ఎవరూ కాగితం మీద రాసుకోరు, ఎవరూ మరిచిపోరు. ఇది కూలి కాదు, బదులు. తిరిగి ఇవ్వగలమన్న ధైర్యం ఉంటుంది కాబట్టే తీసుకున్నవాడు ఇచ్చినవాడి ముందు తల దించుకోడు.

మరి తిరిగి ఇవ్వలేని సాయం ఎదురైతే ఏం చేయాలి? ఒకరి ఒంట్లోని కిడ్నీ తీసి ఇంకొకరికి పెట్టారనుకుందాం. దానికి బదులు ఏమిటి? ఎవరు తీర్చాలి? ఇదివరకు ఇది పట్నం మాట. ఇప్పుడు మన దమ్మపేట, అశ్వారావుపేట వైపు గూడేల్లో కూడా కిడ్నీలు పాడైనవాళ్లున్నారు, డయాలసిస్ కోసం తిరిగే ఇళ్లున్నాయి. కాబట్టి ఈ ప్రశ్న మనదే.

కిడ్నీ మార్పిడి మొదటిసారి నిలబడింది 1954 డిసెంబరు 23న, అమెరికాలోని బోస్టన్ నగరంలో. డాక్టర్ జోసెఫ్ ముర్రే బృందం రొనాల్డ్ హెరిక్ కిడ్నీని అతని కవల సోదరుడు రిచర్డ్‌కు పెట్టింది. ఆనాడు వైద్యులను వేధించింది కత్తి పనితనం ఒక్కటే కాదు. ఏ జబ్బూ లేని మనిషిని, అతని ఒంటికి ఏ మేలూ లేకుండా కోయవచ్చా అని వాళ్లు తర్జనభర్జన పడ్డారు, మతపెద్దలను కూడా అడిగారు. ఆపరేషన్ ముందు రాత్రి జబ్బుపడినవాడే తన సోదరుడికి చీటీ పంపి, ఇంటికి వెళ్లిపొమ్మన్నాడు. తాను ఎక్కడికీ వెళ్లనని ఆ సోదరుడు జవాబు రాశాడు. రిచర్డ్ మరో ఎనిమిదేళ్లు బతికాడు, పెళ్లి చేసుకుని పిల్లల్ని కన్నాడు. ఇచ్చిన రొనాల్డ్ లెక్కల మాస్టారుగా పనిచేసి 2010లో, 79వ ఏట కన్నుమూశాడు.

ఆ చీటీలో మనకు పాఠం ఉంది. తీసుకునేవాడికీ బాధ ఉంటుంది. నా కోసం ఇంకొకరు కోతకు గురవుతున్నారే అన్న బరువు అతని మీద ఉంటుంది. కోలుకునే రోజుల్లో అతను చిరాకు పడితే, మౌనంగా ఉంటే, దాన్ని కృతఘ్నత అనుకోకూడదు. "నీ కోసం ఇంత చేశాం" అనే మాట ఆ ఇంట్లో ఎవరి నోటా రాకూడదు. ఇచ్చినదాన్ని మాటిమాటికీ గుర్తుచేస్తే అది సాయం కాదు, అప్పు అవుతుంది.

కవలలిద్దరి ఒళ్లూ ఒకటే కాబట్టి ఆ కిడ్నీని రిచర్డ్ శరీరం పరాయిదని తిప్పికొట్టలేదు. మిగతా వాళ్లకు అలా కుదరదు. మన శరీరం తనది కానిదాన్ని గుర్తుపట్టి పోరాడుతుంది. ఆ పోరును అణచే మందులు జీవితాంతం వాడాలి. పన్నెండు గంటల తేడాతో, రోజుకు రెండుసార్లు, గడియారం చూసుకుని వేసుకునే మాత్రలుంటాయి. ఒంట్లో పోరాడే శక్తి తగ్గుతుంది కాబట్టి చిన్న జలుబు కూడా పెద్ద ప్రమాదం కావచ్చు. 1967 డిసెంబరులో దక్షిణాఫ్రికాలో క్రిస్టియన్ బర్నార్డ్ ప్రపంచంలో మొదటిసారి మనిషి గుండెను మరో మనిషికి అమర్చాడు. ఆ గుండె చక్కగానే కొట్టుకుంది. 18 రోజులకు ఆ రోగి న్యుమోనియాతో చనిపోయాడు. అంటే ఆపరేషన్ సగం పనే. మిగతా సగం మందుల దగ్గర, శుభ్రత దగ్గర, చివరికి ఇంటివాళ్ల చేతుల్లో ఉంటుంది.

ఇక్కడే మన ఆచారానికీ ఈ వైద్యానికీ మధ్య చిక్కు వస్తుంది. మనలో ఒకరికి జబ్బు చేస్తే ఊరు ఊరంతా చూడటానికి వెళ్తుంది. గట్టు వాళ్లు, మేనమామలు, వియ్యాలవారు వస్తారు, మంచం చుట్టూ కూర్చుంటారు, చెయ్యి పట్టుకుంటారు. వెళ్లకపోతే తప్పు, రానివ్వకపోతే ఇంకా పెద్ద తప్పు. కానీ మార్పిడి జరిగిన మొదటి నెలల్లో ఆ మనిషికి గుంపే ప్రమాదం. అప్పుడు గడప దగ్గర నిలబడి "ఇప్పుడు కాదు మామా, లోపలికి రావద్దు" అని చెప్పే భార్య ఊరి దృష్టిలో గర్విష్ఠి అవుతుంది. ఆమె పొగరుబోతా? కాదు. ప్రేమ అంటే దగ్గరికి వెళ్లడమే అని మనం నేర్చుకున్నాం. దూరంగా ఉండటం కూడా ప్రేమే అయ్యే రోజులు ఉంటాయని ఆమె ముందుగా నేర్చుకుంది. ఆచారం మనిషిని ఒంటరి కాకుండా కాపాడటానికి పుట్టింది. ఆ పని చేయడానికే కాస్త రూపు మార్చుకుంటే ఆచారం చెడిపోదు. లోపలికి వెళ్లలేనివాళ్లు బయటి పని చేయవచ్చు. ఆ ఇంటి చేలో కలుపు తీయవచ్చు, మేకలను తోలుకెళ్లవచ్చు, కాచి చల్లార్చిన నీళ్లకు కట్టెలు తెచ్చి వేయవచ్చు.

పసరు మందు సంగతీ ఇలాంటిదే. ప్రేమతోనే ఎవరో ఒకరు ఆకు పసరు తెస్తారు. కొన్ని ఆకులు, వేర్లు ఆ మాత్రల బలాన్ని పెంచడమో తగ్గించడమో చేస్తాయి, కొన్ని నేరుగా కిడ్నీనే దెబ్బతీస్తాయి. కాచని జీలుగు కల్లు కూడా అలాంటి ఒంటికి మంచిది కాదు. ఇలా చెబితే అడవి వైద్యాన్ని కించపరిచినట్టు కాదు. మార్పిడి వైద్యాన్ని మలుపు తిప్పిన సైక్లోస్పోరిన్ అనే మందు పుట్టింది నార్వే దేశపు మట్టిలో దొరికిన ఒక రకం బూజు నుంచే. మట్టిలో మందు ఉందని మన పెద్దలు చెప్పినది నిజమే. కానీ ఎంత, ఎప్పుడు, దేనితో కలిపి అన్నది తెలిస్తేనే మందు. తెలియకపోతే అదే విషం.

ఇంకొక మాట తప్పక చెప్పుకోవాలి. మన దేశంలో బతికి ఉండగా అవయవం ఇచ్చేవాళ్లలో ఎక్కువమంది ఆడవాళ్లు, తీసుకునేవాళ్లలో ఎక్కువమంది మగవాళ్లు. అమ్మ ఇస్తుంది, భార్య ఇస్తుంది. 1994 చట్టం ప్రకారం దాత తన ఇష్టపూర్వకంగా ఇవ్వాలి, అమ్మకం కొనుగోలు నేరం. కాగితం మీద ఇష్టం ఉంది. "నువ్వు కాకపోతే ఇంకెవరు?" అని ఇల్లంతా చూస్తున్నప్పుడు ఆమె కాదనగలదా? కాదనే హక్కు ఉన్నప్పుడే అవుననడం దానం అవుతుంది. ఆపరేషన్ అయ్యాక కూడా ఆ ఇంట్లో ఇద్దరు కోలుకోవాలి, ఒక్కరు కాదు. కానీ పరామర్శలన్నీ అతనికే. కుట్లు పచ్చిగా ఉండగానే ఆమె బిందె ఎత్తుతుంది, పొయ్యి ముందు కూర్చుంటుంది. అతనికి బత్తాయిలు తెచ్చినవాళ్లు ఆమెను ఎలా ఉన్నావని అడగకపోతే బదులు లెక్క అక్కడే తప్పింది.

ఆపరేషన్ ఖర్చు ఆరోగ్యశ్రీ భరిస్తుంది. 2023 డిసెంబరులో మన రాష్ట్రంలో దాని పరిమితిని 10 లక్షల రూపాయలకు పెంచారు. కానీ దమ్మపేట నుంచి సత్తుపల్లి, ఖమ్మం మీదుగా హైదరాబాదు వెళ్లి రావడానికి, అక్కడ గది అద్దెకు, తోడు వెళ్లినవాళ్లు పోగొట్టుకున్న కూలికి ఏ కార్డూ లేదు. ఆ లోటు చాలాసార్లు బడిపిల్ల భరిస్తుంది. నాన్నకు మాత్రలు ఇవ్వడానికి, తమ్ముడిని ఎత్తుకోవడానికి పెద్దపిల్ల బడి మానేస్తుంది. ఉపాధ్యాయులుగా మేము హాజరు పట్టీలో సున్నా చుట్టే ముందు ఆ ఇంటి గడప వరకు వెళ్లి రావాలి. ఒకరి ప్రాణం నిలబెట్టడానికి ఇంకొకరి చదువు పోకూడదు.

"జ్వరాలకు, రక్తహీనతకు, పాముకాటుకు మనవాళ్లు పోతుంటే ఒక్క మనిషికి ఇంత ఖర్చా?" అని అడిగేవాళ్లున్నారు. ప్రశ్న న్యాయమైనదే. కానీ ఈ తూకంలో రెండు వైపులా ఆదివాసీ ప్రాణాన్నే పెడుతున్నారని గమనించాలి. గూడెంలో జ్వరానికి మందూ కావాలి, పట్నంలో మార్పిడికి చోటూ కావాలి. ఒకటి అడిగితే రెండోది వదులుకోవాలని ఎవరూ మనకు నేర్పకూడదు.

చివరికి మొదటి ప్రశ్నకే వద్దాం. ఇచ్చినవారు ఇంటివాళ్లయితే జీవితమంతా వాళ్లను చూసుకోవచ్చు. ముక్కూమొహం తెలియనివారైతే? మన తెలుగు నేలపై మరణించినవారి అవయవాలను జీవన్‌దాన్ పథకం ద్వారా అవసరమైనవారికి చేరుస్తున్నారు. 2021 ఫిబ్రవరిలో ఒక రైతు గుండెను నాగోలు నుంచి జూబ్లీహిల్స్‌కు హైదరాబాదు మెట్రో రైలులో తీసుకెళ్లారు. దుఃఖంలో ఉన్న ఒక రైతు కుటుంబం సరేనంటేనే అది జరిగింది. దేశంలో విజయవంతమైన మొదటి గుండె మార్పిడిని 1994 ఆగస్టు 3న ఢిల్లీలో చేసిన డాక్టర్ వేణుగోపాల్ మన రాజమండ్రిలో పుట్టినవాడే. ఆ రోజునే ఇప్పుడు అవయవదాన దినంగా జరుపుతున్నారు.

ఇలాంటి సాయానికి ఇచ్చినచోటే బదులు తీర్చలేం. ముందుకు మాత్రం పంపగలం. వేళకు మాత్ర వేసుకోవడం బదులే. అతన్ని పగిలిపోయే కుండలా దాచకుండా, వైద్యులు చెప్పినంత మేర మళ్లీ చేలోకి, సంతకు, పండుగకు పంపడం బదులే. మనం పోయాక మన అవయవాల గురించి ఇంట్లో ముందే మాట్లాడుకోవడం బదులే. ఒళ్లు నొప్పులకు దుకాణంలో మాత్రలు కొని రోజూ మింగేవాళ్లను ఆపడం, బీపీ, షుగర్ పరీక్ష చేయించడం, అంటే ఇంకొకరికి కిడ్నీ అవసరమే రాకుండా చూడటం, అన్నిటికంటే చవకైన బదులు. ఈ చివరి పనికి పట్నం వెళ్లక్కరలేదు. బడిలో, గూడెంలో, రేపే మొదలుపెట్టవచ్చు.