తోడల్లుళ్ళ కుంపట్లు

షికాగో శివార్లలో, అరోరా ఊళ్ళో ఇద్దరు తోడల్లుళ్ళు ఎదురెదురు ఇళ్ళలో ఉండేవారు. పెద్దల్లుడు ఏ పనైనా ఈ క్షణమే అయిపోవాలనే రకం. చిన్నల్లుడు రేపు చూద్దాంలే అనే రకం. ఒక వేసవిలో ఆ వీధిలోనే ఎవరో ఇల్లు ఖాళీ చేస్తూ గరాజ్ సేల్ పెడితే ఇద్దరూ వెళ్ళి చెరో పాత బొగ్గుల గ్రిల్లు కొనుక్కొచ్చారు. రెండూ ఒకటే మోడలు. మూడు కాళ్ళ మీద గుండ్రటి డొప్ప, దాని మీద గుండ్రటి మూత, మూతకి గాలి కన్నాలు, అడుగున బూడిద పళ్ళెం, ఎర్రటి రంగు. కెటిల్ గ్రిల్ అంటారు. మన కుంపటికి మూత పెట్టినట్టే అనుకోండి.

ఈ మూత కుంపటి పుట్టింది ఆ చుట్టుపక్కలే. షికాగోలో వెబర్ బ్రదర్స్ మెటల్ వర్క్స్ అనే ఫ్యాక్టరీలో జార్జ్ స్టీఫెన్ అనే ఆయన పనిచేసేవాడు. నీళ్ళ మీద తేలుతూ పడవలకు దారి చూపించే బోయ్‌లు అక్కడ తయారయ్యేవి. మూత లేని పొయ్యి మీద మాంసం కాలిస్తే గాలీ పొగా పెట్టే బాధ పడలేక, 1952లో ఆయన ఆ బోయ్ అర్ధగోళాలు రెండు తీసుకుని ఒకదానికి కాళ్ళు, ఇంకోదానికి పిడి పెట్టాడు. అంతే, అమెరికా పెరళ్ళ రూపం మారిపోయింది.

మన తోడల్లుళ్ళ పెరళ్ళలోనూ ఆ గ్రిల్లులు బాగానే పనిచేశాయి. పుట్టినరోజులకి చికెన్, ఆదివారాలు ఉప్పూకారం నిమ్మకాయా రాసిన మొక్కజొన్న కంకులు. తినడం అయ్యాక మూత పడేసి లోపలికి పోవడమే. అడుగున బూడిద అలాగే, జాలీ మీద జిడ్డు అలాగే. వానలు, మంచు, మళ్ళీ వేసవి. కొన్నేళ్ళు గడిచేసరికి ఎర్ర గ్రిల్లులు రెండూ ఏ రంగువో చెప్పలేని స్థితికొచ్చాయి.

ఆ ఏడు తెనాలి నుంచి అత్తగారు ఆరునెలలు ఉండటానికి వచ్చింది. చెత్తబండి వచ్చే రోజు పొద్దున్నే చిన్నల్లుడు గ్రిల్లుని రోడ్డు వారకి దొర్లించుకుపోతూ ఆవిడ కంటపడ్డాడు.

“ఎక్కడికి బాబూ దాన్ని?”

“పారేస్తున్నా అత్తయ్యా. మూత లోపల చూడండి, రంగంతా పెచ్చులూడిపోతోంది. తిండిలో పడితే ఇంకేమైనా ఉందా? గ్యాసు గ్రిల్లు కొందాం.”

ఆవిడ మూత తీసి చూసింది. నల్లటి పెచ్చులు వేలాడుతున్నాయి. ఒకటి గిల్లి రెండు వేళ్ళ మధ్య నలిపింది. పొడైపోయింది. వేళ్ళకి మసి అంటింది.

“రంగయితే ఒక పక్కనైనా రంగుండాలిగా? ఇది అటూ నలుపే, ఇటూ నలుపే. నలిపితే బొగ్గుపొడిలా రాలింది. కొవ్వూ పొగా కలిసి పట్టిన మసి ఇది. వెనక్కి తీసుకురండి.”

అల్లుడు నమ్మాడని కాదు గానీ అత్తగారి మాట కాదనలేక వెనక్కి తెచ్చాడు.

ఈ సంగతి ఎదురింటికి తెలిసింది. పెద్దల్లుడు గ్రైండరు పట్టుకుని వచ్చాడు. “మీకెందుకండీ అత్తయ్యగారూ శ్రమ, మధ్యాహ్నానికల్లా రెండూ మెరిపిస్తాను” అన్నాడు. ఆవిడ తన దగ్గరున్న దాన్ని ఇవ్వలేదు. ఆయన తనది తీసుకుని గరాజ్‌లోకి వెళ్ళి గ్రైండరుకి గరుకు కాగితం చక్రం బిగించాడు. రెండు గంటలు వీధంతా ఒకటే రొద. మసి పోయింది, దాని కింద ఎరుపు పోయింది, ఎరుపు కింద తెల్లటి ఇనుము బయటపడింది. దాని మీద వేడికి తట్టుకునే నల్ల పెయింటు డబ్బాతో కొట్టి, ఫోటో తీసి కుటుంబం వాట్సాప్ గ్రూపులో పెట్టాడు. బావమరిది దణ్ణం బొమ్మలు మూడు పంపాడు.

అత్తగారి పని మాత్రం రోజుల తరబడి సాగింది. మొదట బూడిద తీసింది. వానకి తడిసి గడ్డ కట్టి ఉంది. పొడి బూడిదతో గిన్నెలు తోమిన చెయ్యే ఆవిడది, కానీ తడి బూడిద సంగతీ తెలుసు. కట్టెల బూడిదయినా బొగ్గు బూడిదయినా నీళ్ళు తగిలితే క్షారం ఊరుతుంది. ఆ క్షారం అల్యూమినియంని తినేస్తుంది. కింది పళ్ళేనికి అప్పటికే సూదిపొడుపుల్లా గుంటలు పడ్డాయి. “దీన్ని ఎండ, వాన ఏం చేయలేదు, ఈ బూడిదే తింది” అంది.

తర్వాత గడువు తీరిన క్రెడిట్ కార్డు ఒకటి అడిగి తీసుకుని మూత లోపల గీకింది. ఊడొచ్చేవి ఊడొచ్చాయి. గట్టిగా పట్టుకున్నదాన్ని అలాగే వదిలేసింది. జిడ్డు ముద్దలు ముందే తీసేశాక బొగ్గులు రాజేసి, గాలి కన్నాలన్నీ తెరిచి మూత పెట్టి గంటసేపు కాగనిచ్చింది. జిడ్డు ముద్దలుండగా ఈ పని చేస్తే గ్రిల్లే అంటుకుంటుంది, అందుకే ఆ వరస. మిగిలిన జిడ్డు మాడి పొడైంది. చల్లారాక సబ్బునీళ్ళలో ముంచిన పాత తువ్వాలు మూత మీద కప్పి నానబెట్టింది, మెత్తటి స్పాంజితో రుద్దింది. చెయ్యి ఆడిన చోటల్లా ఎరుపు బయటికొచ్చింది.

అది పెయింటు కాదు. గాజుపొడిని ఇనప రేకు మీద ఎనిమిది వందల డిగ్రీల పైచిలుకు వేడిలో కరిగించి అంటించిన పింగాణీ పూత. ఎనామెల్ పళ్ళేలు వాడినవాళ్ళకి తెలిసిందే. నిప్పుకి జంకదు, ఏళ్ళ తరబడి వన్నె తగ్గదు. దెబ్బ తగిలితే పెచ్చు లేస్తుంది, గరుకు చక్రం పెడితే అరిగిపోతుంది. ఒకసారి పోతే ఇంట్లో తిరిగి వేయడం ఎవరివల్లా కాదు.

అడుగున బూడిద ఊడ్చే మూడు రెక్కలు బిగుసుకుపోయి ఉన్నాయి. చిన్నల్లుడు పిడి పట్టుకుని బలంగా లాగబోతే వారించి, వేడి సబ్బునీళ్ళు పోసి రాత్రంతా వదిలేసింది. తెల్లారి వేలితో తిప్పితే తిరిగాయి. జాలీ దగ్గర ఇనప తీగల బ్రష్షు అందించబోతే వద్దంది. తెగిన తీగ ముక్క మాంసంలో కలిసి కడుపులోకి పోవచ్చు. రోడ్ ఐలాండ్‌లో అలా ఆసుపత్రి పాలైనవాళ్ళ గురించి అమెరికా ఆరోగ్య సంస్థ సీడీసీ 2012లో ప్రచురించింది కూడా. ఆవిడ అదేమీ చదవలేదు. జాలీ వేడిగా ఉండగా సగం కోసిన ఉల్లిపాయని ఫోర్కుకి గుచ్చి రుద్దింది, అట్లపెనానికి చేసే పనే. చెక్క పిడిని గరుకు కాగితంతో నున్నగా చేసి అవిసె నూనె పట్టించింది. అంచున రెండు చోట్ల పూత పెచ్చు లేచి తుప్పు కనిపిస్తోంది. తుప్పు తుడిచి కాస్త వంటనూనె రాసింది. ఆ రెండు మచ్చలూ ఉండిపోయాయి.

మూత మీది గాలి బిళ్ళ తుడుస్తుంటే చిన్న అక్షరాలు కనబడ్డాయి. వాటిని బట్టి ఏ ఏడు తయారైందో చెప్పొచ్చు. చిన్నల్లుడు ఫోన్లో వెతికాడు. తాను తెనాలిలో రెండో తరగతి చదువుతుండగా చేసిన గ్రిల్లది.

ఆ శనివారం, నీచు ముట్టని రోజు గనక, అత్తగారు దాని మీద వంకాయలు కాల్చి పచ్చడి చేసింది. ఎదురింటికీ ఒక గిన్నె పంపింది.

చలికాలం వచ్చింది, మంచు కురిసింది, కరిగింది. వసంతంలో పెద్దల్లుడు మూత తీసి చూస్తే బొగ్గులు కాగే చోటల్లా నల్ల పెయింటు బుడగలు లేచి ఊడిపోయి ఉంది. బుడగల కింద తుప్పు. వేసవి సగానికి డొప్పకి కన్నం పడింది. ఆ గ్రిల్లే చెత్తబండి ఎక్కింది.

నీతి: శుభ్రం చేసే చేతికి ముందు ఏది మురికో, ఏది ఒంటి తోలో తెలియాలి.

తోడల్లుళ్ళు ఇద్దరిదీ ఒకటే తప్పు. చిన్నాయన మురికిని తోలనుకుని పారేయబోయాడు. పెద్దాయన తోలుని మురికనుకుని గీకేశాడు. మనకి బద్ధకం కనబడినంత తేలిగ్గా అత్యుత్సాహం కనబడదు, పైగా దాన్ని పనితనం అని మెచ్చుకుంటాం. పాత గుళ్ళ గోడల మీద యంత్రంతో ఇసుక చిమ్మి కడిగితే, మసితో పాటు శిల్పాల కళ్ళూ ముక్కులూ అరిగిపోయాయి. పిల్లవాడి అల్లరి మాన్పించబోయి వాడి ధైర్యాన్ని గీకేసే ఇళ్ళు ఎన్ని లేవు? ముసలాయన చాదస్తం వదిలించబోయి ఆయన్ని ఒక మూల కూర్చోబెట్టే కొడుకులు ఎందరు లేరు? అత్తగారి గొప్పంతా ఆ మొదటి నిమిషంలో ఉంది. రుద్దడానికి ముందు ఒక పెచ్చు గిల్లి, నలిపి, రెండు పక్కలా చూసింది. మిగతాదంతా సబ్బూ, నీళ్ళూ, ఓపికా. అవి ఎవరి దగ్గరైనా ఉంటాయి.

మీ పెరట్లోనూ అలాంటి కుంపటి మూత పెట్టి ఉంటే, మిగతా పనులు తీరిక చూసుకుని చేసుకోండి గానీ, బూడిద మాత్రం చల్లారిందని రూఢి చేసుకుని ఈ వారమే తీసెయ్యండి. వాన పడితే ఆలస్యమైపోతుంది.