బుష్ మారిన బండి

కారు వెనుక చక్రాలను బాడీతో కలిపే ఆర్మ్‌ల చివర బుష్‌లుంటాయి. లోపల ఒక ఇనుప గొట్టం, బయట మరొకటి, రెండింటికీ అతుక్కుని మధ్యలో రబ్బరు. చక్రం ఎగిరి పడినప్పుడు రబ్బరు మెలితిరిగి కుదుపును మింగేస్తుంది. ఏళ్లు గడిచేసరికి అది పగులుతుంది. స్పీడ్ బ్రేకర్ దాటితే వెనుక దబ్‌మని మోగుతుంది, మలుపులో బండి తూలినట్టుంటుంది. ఇంటి ముందే బండిని జాకీతో లేపి, స్టాండ్ల మీద నిలిపి, పాత బుష్‌ను నొక్కి తీసేసి కొత్తది దిగవేయవచ్చు. తర్వాత మిగిలేది పాత బండేనా? ఇలా ఒక్కొక్కటే మారుతూ పోతే ఎక్కడిదాకా అదే బండి?

ఏథెన్స్‌లో పురాణ వీరుడు థీసియస్ ఓడ పలకలు మార్చినప్పుడు తత్వవేత్తలు ఇదే వాదించుకున్నారని గ్రీకు రచయిత ప్లూటార్క్ రాశాడు. బౌద్ధ గ్రంథం 'మిలిందపన్హ'లో భిక్షువు నాగసేనుడు ఇంకా లోతుకు వెళ్లాడు. క్రీ.పూ. 2వ శతాబ్దపు గ్రీకు రాజు మినాండరే అందులోని మిలిందుడు. రథమెక్కి వచ్చిన రాజును భిక్షువు అడుగుతాడు: నొగ రథమా? ఇరుసా? చక్రాలా? అన్నీ కలిస్తేనా? వీటికి వేరుగా ఇంకేదైనానా? అన్నింటికీ కాదనే జవాబు. ఈ భాగాల ఆధారంగా 'రథం' అనే వ్యవహారం నడుస్తోందని రాజే ఒప్పుకుంటాడు. గ్రీకులు అడిగింది అదే ఓడా అని. నాగసేనుడు అడిగింది అసలు రథమనేది విడిగా ఉందా అని.

7వ శతాబ్దంలో బౌద్ధ తత్వవేత్త చంద్రకీర్తి ఇదే రథాన్ని ఏడు విధాలుగా వెతికాడు. ఏడోది ఆకారం, అంటే భాగాల అమరిక. బిగించకముందు చక్రానికి ఏ ఆకారముందో బిగించాకా అదే ఉంటే, కొత్తగా వచ్చిన రథాకారం ఎక్కడుందని అతని ప్రశ్న. ఇక్కడ బుష్ ఒక మెలిక పెడుతుంది. చక్రాలు గాలిలో వేలాడుతుండగా బుష్ గుండా పోయే బోల్టును పూర్తిగా బిగిస్తే రబ్బరు ఆ కోణంలోనే పట్టుబడిపోతుంది. బండి దిగాక నిలబడి ఉన్నా అది మెలితిరిగే ఉంటుంది, తొందరగా చిరుగుతుంది. అందుకే బరువు చక్రాల మీద పడ్డాకే చివరి బిగింపు. బుష్ అదే, బోల్టు అదే; ఏ భంగిమలో కలిశాయన్నదాన్ని బట్టి రబ్బరు లోపలి స్థితే వేరవుతోంది. కాబట్టి భాగం అమరికతో మారదనే ఊహ దీనికి చాలదు. అయినా చంద్రకీర్తి అసలు మాట దీనితో బలపడుతుంది: బుష్‌కు కూడా తనంతట తాను నిలిచే స్వభావం లేదు.

వైశేషిక దర్శనం వారు రథం విడిగా లేదనే ఈ వాదానికి ఎదురు నిలిచారు. వారి లెక్కలో అవయవి, అంటే భాగాలతో ఏర్పడిన మొత్తం, అవయవాలకు వేరైన నిజమైన వస్తువు; వాటిలో సమవాయమనే విడదీయరాని సంబంధంతో ఉంటుంది. ఒక అవయవం తీస్తే పాత అవయవి నశిస్తుంది, కొత్తది పుడుతుంది. పోలిక వల్ల 'ఇది అదే' అనిపిస్తుంది. తర్కంలో లోపం లేదు గానీ, ఈ లెక్కన బుష్ తీయగానే ఒక కారు పోయి మరొకటి పుట్టినట్టు! రిజిస్ట్రేషన్ కార్యాలయం ఆ దారిన పోదు. ఛాసిస్ నంబరును పట్టుకుంటుంది, ఇంజన్ మారిస్తే నమోదు చేయమంటుంది, బుష్ ఊసెత్తదు. వ్యవహారానికి నాగసేనుడి రథమే సరిపోతుంది.

మనిషి దగ్గరికి వస్తేనే చిక్కు. కఠోపనిషత్తులో శరీరం రథం, ఆత్మ రథికుడు. భగవద్గీత రెండో అధ్యాయం ప్రకారం దేహి, అంటే ఆ ఆత్మే, జీర్ణమైన దేహాలను విడిచి కొత్తవాటిని పొందుతాడు. భాగాలెన్ని మారినా యజమాని వేరుగా ఉన్నాడు గనుక అక్కడ సమస్య లేదు. బుష్ మార్చేవాడు కూడా బండికి వేరుగానే నిలబడతాడు. నాగసేనుడి మతంలో అలా వేరుగా నిలబడేవాడు లేడు. 'నేను అదే' అనే జ్ఞాపకమూ మారిపోయే భాగాల్లో ఒకటి. రథికుడు ఉన్నాడా లేడా అన్నది రథాన్ని విప్పి చూసి తేల్చగలిగేది కాదు.