ఎండిన రేకులు

జహీరాబాద్ చుట్టుపక్కల ముస్లిం ఇళ్లల్లో పాత ఇనుపపెట్టె తెరిస్తే నికానామా, ఉర్దూలో రాసిన భూమి కాగితం, వాటి పక్కన చిన్న గుడ్డమూట కనిపిస్తాయి. మూటలో ఎండిన గులాబీ రేకులు. గుల్బర్గా బందానవాజ్ ఉర్సు నుంచి తెచ్చినవో, దగ్గరి ఏదో దర్గావో. వీటిని దాచుకోవడం తప్పా ఒప్పా అన్న తగాదా మా ఇళ్లల్లో కొత్తది కాదు.

దాచే పద్ధతి ఆడవాళ్లకే తెలుసు. రేకుల్ని ఎండలో వేయకూడదు, రంగు పోతుంది. దారాలు, చమ్కీలు, ఊదుబత్తి బూడిద ఏరేసి, నీడలో, గాలి తగిలేచోట పాత గుడ్డ మీద పలచగా పరచాలి. వేళ్ల మధ్య పెళపెళమనే దాకా ఆగాలి. ఏమాత్రం తడి మిగిలినా వానాకాలంలో బూజే. మల్లె దీనికి పనికిరాదు, నల్లబడి వాసన పోగొట్టుకుంటుంది. గులాబీ కొంత నిలుపుకుంటుంది. బతుకమ్మలో పేర్చే గునుగు ఎండినా ఆకారం చెదరదు. అయినా దాన్నెవరూ దాచరు, చెరువులో వదిలేస్తారు.

చాలా దర్గాల్లో మజార్ దగ్గరికి ఆడవాళ్లను రానివ్వరు. ముంబయి హాజీ అలీలో 2012 నాటికి ఆపేస్తే, 2016లో బొంబాయి హైకోర్టు తీర్పు వచ్చాకగానీ దారి దొరకలేదు. లోపలికి వెళ్లిన మగవాడు గుప్పెట్లో తెచ్చిన పూలను, వెళ్లలేని మనిషి ఏళ్ల తరబడి కాపాడుతుంది. మూఢనమ్మకమని నవ్వే మా అభ్యుదయ మిత్రులు ఈ సంగతి ఎప్పుడైనా ఆలోచించారా?

ఇక జమాత్‌కు వెళ్లొచ్చిన కొడుకు. బిద్అత్, పారేయమంటాడు. సమాధి మీద పూలు వేసేవాళ్లు చూపించే ఆధారం బుఖారీలోని హదీసు. ప్రవక్త రెండు సమాధుల మీద పచ్చి ఖర్జూరపు మట్టను చీల్చి నాటారు, అవి ఎండిపోయేదాకా లోపలివారికి బాధ తగ్గవచ్చన్నారు. ఎండిపోయేదాకా! ఆ లెక్కన ఎండిన రేకుకు ఏ పుణ్యమూ లేదు. కొడుకు మాట నిజమే. కానీ ఆ మూట చనిపోయినవాళ్ల కోసం కట్టింది కాదు, బతికున్నవాళ్ల కోసం కట్టింది.

1948 సెప్టెంబరులో షోలాపూర్ దారిన వచ్చిన సైన్యం హుమ్నాబాద్ దాటి జహీరాబాద్ మీదుగా హైదరాబాద్ వైపు నడిచింది. అప్పుడు ఈ తాలూకా బీదర్ జిల్లాలోది, 1956లో మెదక్‌లో కలిసింది. పోలీస్ యాక్షన్ అని చిన్నపేరు పెట్టిన ఆ రోజుల్లో ఘోరంగా దెబ్బతిన్నాయని సుందర్‌లాల్ కమిటీ చెప్పిన నాలుగు జిల్లాల్లో బీదర్ ఒకటి. రాష్ట్రం మొత్తం మీద 27 నుంచి 40 వేల మంది చనిపోయి ఉంటారని అంచనా కట్టింది. ఆ నివేదిక చాలా ఏళ్లు జనం ముందుకు రాలేదు. సర్కారు దాచింది ఎవరూ చూడకూడదని. బావుల్లో తేలిన శవాలకు మజార్లెక్కడివి? సమాధి దొరకని తండ్రి పేరున ఇంకెవరి మజార్ మీది రేకునో ఒక ముసలమ్మ దాచుకుంటే ఏ ముఫ్తీ దాన్ని తూకం వేయగలడు?

అయితే నన్ను భయపెట్టే దాపు ఇంకొకటుంది. ఈ దేశానికి సూఫీలు ఇష్టం, గజల్ ఇష్టం, ఖవ్వాలీ ఇష్టం. వాసన ఉండి, వేరూ ముల్లూ లేని ముస్లిం ఇష్టం. అదే ముస్లిం కిరాయికి గది అడిగితే పేరు విన్నాక గది నిండిపోతుంది. మేమూ తక్కువ వాళ్లం కాదు. నవాబుల కాలాన్ని ఎండబెట్టి వాసన చూసుకుంటూ, పంక్చర్ దుకాణంలో, చెరకు బండ్ల దగ్గర కష్టపడే మనిషిని మర్చిపోతున్నాం. నవాబుల ఇంట్లో మా తాతలెవరూ పల్లకి ఎక్కలేదు, మోశారేమో.

మూటలతో అసలు చిక్కు వేరే. అత్త పోయాక కోడలికి ఆ రేకులు ఎవరివో తెలియదు. పారేస్తే బేఅదబీ అని మాత్రం తెలుసు, మళ్లీ కట్టి పెట్టెలో పెడుతుంది. అందుకే ప్రతి మూటలో ఒక చీటీ పెట్టమంటాను. ఏ సంవత్సరం, ఏ దర్గా, ఎవరి పేరున. ఉర్దూలో రాస్తే మంచిదే, కానీ కింద తెలుగులో కూడా రాయాలి. మా పిల్లల్లో చాలామందికి చదవడం వచ్చింది ఇందులోనే.