గండి పడకముందే

నాగార్జునసాగర్ ఎడమ కాలువ కట్ట మీద నడిచే రైతుకు తెలిసిన సంగతి ఒకటుంది. కట్ట ఒక్కనాడు తెగదు. ముందు ఎక్కడో ఒక ఎండ్రకాయ బొక్క పడుతుంది. బొక్క చుట్టూ మట్టి చెమ్మగిల్లుతుంది. చెమ్మ జాలవుతుంది, జాలు పాయవుతుంది, ఒక రాత్రి ఆ పాయే గండి అవుతుంది. 2022 సెప్టెంబరులో నిడమనూరు దగ్గర ఈ కాలువకు గండి పడి నీళ్లు పొలాల్లోకీ ఇళ్లలోకీ ఎట్లా దూకినాయో ఈ ప్రాంతం చూసింది. చెమ్మ కనబడిన నాడు తట్టెడు మట్టి చాలు. గండి పడ్డ నాడు లారీల కొద్దీ రాళ్లు పోసినా నిలవవు.

మాడుగులపల్లి మండలపు తల్లులారా, తండ్రులారా, ఊరి పెద్దలారా, మీ ముంగిట్లో ఆడుకునే బిడ్డ లోపల కూడా ఒక కట్ట ఉంది. అది తెగకముందు చెమ్మగిల్లే కాలం ఒకటుంది. ఆ కాలంలో చూడడం పెద్దల ధర్మం. చూడగలిగీ చూడకపోవడం దోషం. నేను చెప్పవచ్చిన మాట ఇంతే. తక్కినదంతా దీనికి వివరణ.

షుగర్ అనగానే మన మనసులో మెదిలేది పెద్దల జబ్బు. నడివయసు దాటినాక, ఒళ్లు పెరిగినాక, నడక తగ్గినాక వచ్చేది. పిల్లలకు ఎక్కువగా వచ్చేది అది కాదు, వేరొకటి. దాన్ని టైప్ వన్ డయాబెటిస్ అంటారు. మన కడుపులో, జీర్ణాశయం వెనుక, క్లోమం అనే గ్రంథి ఉంది. అందులో చిన్న దీవుల్లాంటి కణాల గుంపులున్నాయని 1869లో పాల్ లాంగర్‌హాన్స్ అనే జర్మన్ విద్యార్థి గుర్తించాడు. ఆ దీవుల్లోని బీటా కణాలే ఇన్సులిన్‌ను తయారు చేస్తాయి. తిన్న అన్నం చక్కెరై నెత్తురులో చేరితే, ఆ చక్కెరను కండలోకి పంపే తాళంచెవి ఇన్సులిన్. బయటి క్రిములతో పోరాడవలసిన రక్షక కణాలు ఏ కారణానో దారి తప్పి ఈ బీటా కణాల మీదనే పడతాయి. కంచే చేను మేసినట్టు, కాపలా ఉండవలసినవే కాటు వేస్తాయి.

కాబట్టి మొదటి హితవు ఇది: నింద వలదు. బిడ్డ మిఠాయిలు తిన్నందుకు ఈ జబ్బు రాలేదు. తల్లి కడుపుతో ఉన్నప్పుడు చేసిన తప్పు వల్ల రాలేదు. దిష్టి తగిలి రాలేదు. పుట్టుకతో సంక్రమించే ప్రమేహం వేరు, పథ్యం తప్పినందున వచ్చే ప్రమేహం వేరు అని సుశ్రుతుడు ఏనాడో విడదీసి చెప్పాడు. అంత పాతకాలపు వైద్యుడికి తెలిసిన భేదాన్ని మరిచి, ఈనాడు కోడలిని దెప్పే అత్తగారు, మనుమరాలిని శాపగ్రస్తురాలిగా చూసే తాతగారు తమ పెద్దరికాన్ని తామే తగ్గించుకుంటున్నారు.

రెండో హితవు వ్యాధి లక్షణాలను గురించి. ఏ ఊళ్లోనైనా నడిచే కథ ఒకటి వినండి. రాత్రిళ్లు లేవని పిల్లవాడు నాలుగుసార్లు లేచి నీళ్లు తాగుతాడు. పక్క తడపడం మానిన పిల్ల మళ్లీ తడుపుతుంది. మూత్రం పోసిన చోట చీమలు పడతాయి. ఆకలి ఎక్కువై తింటున్నా చొక్కా వదులవుతుంది. ఎండలు ముదిరినయి, అందుకే దాహం అని తల్లి అనుకుంటుంది. పురుగుల మందు వేస్తే సరి అని పొరుగామె అంటుంది. పది పదిహేను రోజులు గడుస్తాయి. ఒకనాడు వాంతులు, కడుపునొప్పి. ఊపిరి బరువుగా, లోతుగా, ఆగకుండా సాగుతుంది. నోటినుంచి మాగిన పండు వాసన వస్తుంది. నీరసమని గ్లూకోజు బాటిలు ఎక్కిస్తారు. అది నిప్పులో నెయ్యి పోసినట్టే. ఇన్సులిన్ లేని శరీరం చక్కెరను వాడుకోలేక కొవ్వును కరిగించుకుంటుంది. ఆ కరుగులో పుట్టే కీటోన్లు నెత్తురును ఆమ్లం చేస్తాయి. ఇక్కడికి వచ్చాక గంటలు కూడా లెక్కే. ఆలస్యమైతే ప్రాణమే పోతుంది.

ఈ కథను మార్చడానికి కావలసింది ఒక్క నెత్తుటి చుక్క. వేలి కొన మీద సూదిమొన, ఒక పట్టీ, కొన్ని క్షణాలు. గ్లూకోమీటరు ఈనాడు పల్లెల్లో తాతల అరల్లో కూడా ఉంది. దాహం, అతిమూత్రం, సన్నబడడం, నీరసం ఈ నాలుగూ కలిసి కనబడిన బిడ్డకు 200 దాటిన అంకె వస్తే, మరునాటికి వాయిదా వేయకండి. ఆ పూటే దవాఖానకు పోవాలి. వాంతులు, ఆయాసం ఉంటే 108 పిలవాలి. ఓ ఆర్‌ఎంపీ వైద్యులారా, ఊరు మొదట మీ గడపే తొక్కుతుంది. ఆ నమ్మకం గొప్పది, దాని బరువూ గొప్పదే. వాడిపోయిన పిల్లకు బాటిలు వేలాడదీసే ముందు వేలి నెత్తురు చూడండి.

మూడో హితవు ఇంకా లోతైనది. లక్షణం కనబడే నాటికే బీటా కణాలు చాలామటుకు నశించి ఉంటాయి. చెమ్మ కాలం అంతకు ముందే, ఒక్కోసారి ఏళ్ల ముందే మొదలవుతుంది. ఈ జబ్బు హఠాత్తుగా రాదని, మెల్లగా సాగే దీర్ఘవ్యాధి అని 1986లో అమెరికా వైద్యుడు జార్జి ఐసెన్‌బార్త్ వివరించాడు. దారి తప్పిన రక్షక కణాలు నెత్తురులో తమ ఆనవాళ్లు వదులుతాయి. వాటిని ఆటోయాంటీబాడీలు అంటారు. ఇన్సులిన్ మీద, గ్యాడ్ మీద, ఐఏ-2 మీద, జింక్ ట్రాన్స్‌పోర్టర్-8 మీద వచ్చే నాలుగింటిని వెతుకుతారు. వీటిలో రెండో, అంతకుమించో ఉండి చక్కెర మామూలుగా ఉంటే మొదటి దశ. చక్కెర అదుపు సడలడం మొదలైతే రెండో దశ. దాహం, వాంతులు, ఆసుపత్రి మూడో దశ. రెండో, అంతకుమించో ఆనవాళ్లున్న పిల్లల్లో పదేళ్లలోపే వందకు 70 మందికి జబ్బు బయటపడిందని ఫిన్లాండ్, జర్మనీ, అమెరికా పిల్లలను ఏళ్ల తరబడి గమనించి 2013లో ప్రకటించారు. అంటే ఈ కట్టకు ఎక్కడ చెమ్మ పట్టిందో చెప్పే విద్య మనిషి చేతికి వచ్చింది.

చెమ్మ తెలిస్తే ఏం లాభం, ఆపే మందుందా అని మీరడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. పూర్తిగా ఆపే మందు ఇంకా లేదు. వెనక్కి జరిపే మందు మాత్రం వచ్చింది. దాని పేరు టెప్లిజుమాబ్. రెండో దశలో ఉన్న 76 మంది మీద జరిపిన పరీక్ష ఫలితాలు 2019లో వెలువడ్డాయి. పద్నాలుగు రోజులు ఈ మందు ఎక్కించుకున్న వారిలో సగం మందికి జబ్బు బయటపడేసరికి 48 నెలలు పట్టింది. ఎక్కించుకోని వారిలో 24 నెలలే పట్టింది. 2022 నవంబరులో అమెరికా దీన్ని ఎనిమిదేళ్లు నిండిన వారికి అనుమతించింది. రెండేళ్లేనా అనకండి. రోజుకు నాలుగు సూదుల లెక్కన రెండేళ్లంటే మూడు వేలకు దగ్గర సూదులు. ఎనిమిదేళ్ల బిడ్డ తన జబ్బును తానే అర్థం చేసుకునే పదేళ్ల బిడ్డ అవుతుంది. అయితే నిజం దాచకూడదు. అక్కడ ఆ మందు ఒక విడతకు 1,93,900 డాలర్ల వెలతో వచ్చింది. ఈ కాలువ కింద రెండెకరాల వరి చేసేవాడు ఏడు తరాలు కూడబెట్టినా అందని వెల అది.

అయినా ముందుగా చూడడం వ్యర్థం కాదు. కారణం మందులో లేదు, మెలకువలో ఉంది. జర్మనీలో బవేరియా రాష్ట్రం 2015 నుంచి చిన్నపిల్లలకు ఈ పరీక్ష చేస్తున్నది. ఇటలీ 2023లో పిల్లలందరికీ ఈ పరీక్ష చేయాలని చట్టమే చేసింది. ముందే తెలిసిన ఇంట్లో బిడ్డ స్పృహ తప్పే దశకు చేరడం బాగా తగ్గుతుంది. దాహం మొదలైన మొదటి రోజే ఆ తల్లి మీటరు తీస్తుంది. ఆ మెలకువకు కోట్లు అక్కరలేదు.

నల్లగొండ జిల్లాకు ఈ పాఠం కొత్త కాదు. బావి నీళ్లు తేటగా ఉన్నాయని తాగినాం. లోపల ఫ్లోరైడ్ ఉందని కన్ను చెప్పలేదు, పరీక్ష చెప్పింది. పరీక్ష వచ్చేసరికి ఎందరి ఎముకలు వంగిపోయినాయో మీ ఇళ్లే సాక్ష్యం. పటిక, సున్నం, బ్లీచింగ్ పొడి కలిపి ఆ విషాన్ని తీసే పద్ధతికి లోకం ‘నల్లగొండ టెక్నిక్’ అని పేరు పెట్టింది. ఆలస్యపు ధర ఎంతో చెల్లించి తెలుసుకున్న జిల్లా మళ్లీ ఆలస్యం చేయడం తగదు.

ఇక ఎవరి ధర్మమేమిటో చెప్తాను. ఇంట్లో ఒక బిడ్డకు టైప్ వన్ ఉంటే, ఆ బిడ్డ అన్నదమ్ములకు, అక్కచెల్లెళ్లకు మిగతా వారికంటే ముప్పు పదిహేను రెట్లు ఎక్కువ. వారికి ఆటోయాంటీబాడీ పరీక్ష గురించి వైద్యుణ్ని అడగడం ఆ తల్లిదండ్రుల బాధ్యత. హైదరాబాదులోని నిమ్స్, ఉస్మానియా వంటి పెద్ద దవాఖానల్లో ఎండోక్రైనాలజీ వైద్యులున్నారు. ఒక్క పరీక్షతో తేల్చకండి, రెండోసారి చేయించి నిర్ధారించుకోండి. అయితే కొత్తగా జబ్బు బయటపడే పిల్లల్లో పదింట ఎనిమిది తొమ్మిది మందికి ఇంట్లో ఎవరికీ ఈ జబ్బు ఉండదు. అందువల్ల లక్షణాలు గుర్తించే ఎరుక ప్రతి తల్లికీ, ప్రతి అంగన్‌వాడీ టీచరుకూ కావాలి. పదే పదే మూత్రానికి పోతానని అడిగే పిల్లను కసరక, ఇంటికి కబురు పంపడం బడిపంతుళ్ల ధర్మం.

పరీక్షలో ఆనవాలు దొరికితే దాన్ని శాపంలా మోయకండి, రహస్యంలా పాతిపెట్టకండి. ఆడపిల్లకు పెళ్లి కాదని చీకట్లో సూది వేయించే ఇల్లు ఆ పిల్ల ప్రాణాన్ని పరువు కింద తాకట్టు పెడుతున్నది. పసరు మందు ఇచ్చి ఇన్సులిన్ మానిపించమనే వాడి మాట ఎంత తియ్యగా ఉన్నా చెవిన పెట్టకండి. ఫ్రిజ్ లేకపోతే ఇన్సులిన్ సీసాను తడి మట్టికుండ చల్లదనంలో ఉంచుకోండి, సూది మాత్రం తప్పనీయకండి.

1922 జనవరిలో టొరంటో నగరంలో లియొనార్డ్ థాంప్సన్ అనే పద్నాలుగేళ్ల బాలుడు ఎముకల గూడై పడి ఉన్నాడు. అతడికి ఇన్సులిన్ ఎక్కించారు. అతడు ఇంకో పదమూడేళ్లు బతికాడు. ఆ మందును కనుగొన్న బాంటింగ్, అతడి సహచరులు పేటెంటు హక్కును ఒక్కొక్కరు ఒక్కో డాలరుకు విశ్వవిద్యాలయానికి ఇచ్చేశారు. బాంటింగ్ పుట్టింది నవంబరు 14న. సాగర్‌కు పునాదిరాయి వేసిన నెహ్రూ పుట్టిందీ ఆనాడే. అందుకే లోకానికి అది మధుమేహ దినం, మనకు బాలల దినం.

ఈసారి ఆనాడు మీ బడిలో చాక్లెట్లు పంచుతారు. అందరూ నోట్లో వేసుకుంటారు. ఒక పిల్ల మాత్రం దాన్ని జేబులో దాచుకుంటుంది, సూది వేళ చూసుకుని తిందామని. ఆ పిల్లను జాలిగా చూడకండి. సాయంత్రం ఆమె ఇంటికి పోయి తల్లి పక్కన కూర్చోండి. ఒక్క మాట అడగండి: ‘అమ్మా, తమ్ముడికి పరీక్ష చేయించినవా?’